నాయనమ్మ బిళ్ళ మీద 1830

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేనొక తప్పు చేశాను. దాని గురించి ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మన క్లబ్ వాళ్ళు ఈ సంచికకి "మా ఇంట్లో ఓ పాత వస్తువు" అని అంశం పెట్టగానే నా బుర్రలో మెదిలింది ఆ ఒక్క వస్తువే. కాబట్టి ముందు తప్పు ఒప్పుకుని, తర్వాత దాని వల్ల నేర్చుకున్నది చెబుతాను. మీలో కనీసం ఒక్కరైనా నేను చేసిన పని చేయకుండా ఆగితే చాలు.

మాది గుంటూరు జిల్లాలో ఫిరంగిపురం దగ్గర ఒక చిన్న ఊరు. ఊరి చుట్టూ నల్లరేగడి. పత్తి, మిరప తప్ప ఇంకో మాట వినపడదు. నేను ఇంటికి వెళ్ళేసరికి పత్తి ఆఖరి తీతలో ఉంది, మిరప మొదటి కోతకి వచ్చింది. అందరూ చేలో ఉంటే ఇంట్లో నేనూ నాయనమ్మా మిగిలాం. నాయనమ్మకి ఎనభై దాటాయి. మంచం కింద ఆవిడ రేకు పెట్టె ఒకటి ఉంటుంది. "నాయనమ్మా, అందులో పాతవి ఏమన్నా ఉన్నాయా?" అని అడిగితే, "నాకన్నా పాతవి ఏముంటాయిరా" అంటూనే తాళం ఇచ్చింది.

పెట్టెలో రెండు పట్టుచీరలు, పొలం కాగితాలు, తాతయ్య కళ్ళజోడు, చిన్న వెంకటేశ్వరస్వామి పటం ఉన్నాయి. పటం వెనకాల గుడ్డ మూటలో కోడిగుడ్డు ఆకారంలో వేలి గోరంత బిళ్ళ ఒకటి కనిపించింది. బూడిద రంగు. గీతల సందుల్లో ఏదో గట్టిపడిన మురికి. పైన చిన్న కొలికి. ఒకవైపు నిలబడిన స్త్రీమూర్తి, కింద అంకెలు: 1830. రెండోవైపు పెద్ద ఇంగ్లీషు "ఎం" అక్షరం, దాని మీద శిలువ, చుట్టూ నక్షత్రాలు.

1830! నా గుండె ఆగినంత పనైంది. ఫొటో తీసి మా రూమ్మేట్స్ గ్రూపులో పెట్టాను. "రెండొందల ఏళ్ళ నాణెం మామా, లక్షల్లో ఉంటది" అని ఒకడు. "ఎం అంటే మింట్ గుర్తు" అని ఇంకొకడు. "ఫొటో సరిగ్గా లేదు, తోమి మళ్ళీ తియ్" అని మూడోవాడు. ఆ మూడోవాడి మాట విన్నాను. చింతపండు నానబెట్టి, కాస్త బూడిద కలిపి, కొబ్బరి పీచుతో పది నిమిషాలు తోమాను. సందుల్లో మురికి వదలకపోతే పిన్నీసుతో గీకాను. పసుపుపచ్చగా మెరిసిపోయింది. గర్వంగా తీసుకెళ్ళి నాయనమ్మ అరచేతిలో పెట్టాను.

ఆవిడ కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది. వేలితో తడిమింది. తిట్టలేదు. "అమ్మ పెట్టిన పసుపు పోయిందిరా" అంది, అంతే.

నేను గీకింది మురికి కాదు.

బిళ్ళ ఎలా వచ్చింది

ఆ సాయంత్రం నాయనమ్మ చెప్పిన కథ ఇది. ఆవిడకి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకి మా ముత్తాత ఎవరి మాటా వినకుండా భార్యని ఎద్దుల బండిలో గుంటూరు తీసుకెళ్ళాడు. తెల్లబట్టల సిస్టరమ్మల ఆస్పత్రికి. అక్కడ పుట్టిన పిల్లే మా నాయనమ్మ. ఇంటికొచ్చేటప్పుడు ఒక సిస్టరమ్మ ఈ బిళ్ళ ఇచ్చిందట. మతం మారమని కాదు, డబ్బు అడగనూ లేదు. ముత్తవ్వ దాన్ని పసుపుతాడుకి గుచ్చి పిల్ల మొలకి కట్టింది. ప్రతి శుక్రవారం తన మంగళసూత్రాలకి పసుపు రాసుకున్నప్పుడు దీనికీ ఇంత రాసేది. నాయనమ్మకి తొమ్మిదో ఏట ముత్తవ్వ పోయింది. ఫొటో లేదు, ఉత్తరం లేదు. ఆమె వేలు తగిలిందన్న గుర్తుగా మిగిలింది ఆ బిళ్ళ సందుల్లో గట్టిపడిన పసుపే. డెబ్భై ఏళ్ళకి పైగా నాయనమ్మ దాన్ని నీళ్ళు తగలకుండా దాచుకుంది. నేను పది నిమిషాల్లో కడిగేశాను.

ఆ రాత్రి నిద్రపట్టక, అసలు నేను పాడుచేసింది ఏమిటో తెలుసుకుందామని మొదలుపెట్టాను. అది నన్ను పారిస్ దాకా, అక్కడినుంచి హాలండ్, ఆస్ట్రేలియా మీదుగా మళ్ళీ గుంటూరు దాకా తిప్పింది.

1830 అంటే తయారైన ఏడు కాదు

మొదట నా లక్షల ఆశ పోయింది. ఇది నాణెం కాదు. క్యాథలిక్కులు "అద్భుత పతకం" అని పిలుచుకునే బిళ్ళ. 1830లో పారిస్‌లోని ర్యూ దు బాక్ వీధిలో, డాటర్స్ ఆఫ్ చారిటీ అనే కన్యాస్త్రీల మఠంలో, కాథరీన్ లాబూరే అనే యువతికి మరియమాత దర్శనమిచ్చిందని వారి నమ్మకం. ఆమె చూశానని చెప్పిన రూపాన్నే బిళ్ళగా తయారు చేయించారు. భూగోళం మీద నిలబడి పామును తొక్కుతున్న తల్లి, ఆమె చేతుల్లోంచి కిరణాలు, చుట్టూ ఒక చిన్న ప్రార్థన. వెనక "ఎం" అంటే మరియ. దాని మీద శిలువ, కింద రెండు హృదయాలు, చుట్టూ పన్నెండు నక్షత్రాలు. 1830 అనేది దర్శనం జరిగిన సంవత్సరం. నిన్నగాక మొన్న తయారైన బిళ్ళ మీద కూడా అదే అంకె ఉంటుంది. పాత వస్తువు చదవడంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే: వస్తువు మీదున్న తేదీ వస్తువు తేదీ కానక్కర్లేదు.

మొదటి బిళ్ళలు 1832లో తయారయ్యాయి. ఆ ఏడు పారిస్‌ని కలరా చుట్టేసింది. వేలమంది పోయారు. రోగుల మధ్య తిరుగుతున్న సిస్టర్లు ఈ బిళ్ళల్ని పంచారు. అంటే పుట్టుకనుంచే ఇది ఆస్పత్రి మంచం పక్కన తిరిగిన వస్తువు. ఖరీదైనది కాదు, చేతినుంచి చేతికి వెళ్ళడానికి చేసినది. తర్వాత ఏ దేశం, ఏ సంఘం అన్న తేడా లేకుండా క్యాథలిక్ సిస్టర్ల వెంట ప్రపంచమంతా తిరిగింది. కాథరీన్ మాత్రం ఆ దర్శనం తనదేనని బయట చెప్పుకోకుండా ముసలివాళ్ళ ఆశ్రమంలో సేవ చేసి 1876లో కన్నుమూసింది. 1947లో పునీతురాలిగా ప్రకటించారు. ఆ మఠం ప్రార్థనాలయం ఇప్పటికీ ఉంది. దర్శనమప్పుడు మరియమాత కూర్చుందని చెప్పే కుర్చీని కూడా సిస్టర్లు అక్కడే కాపాడుతున్నారు.

హాలండ్ నుంచి గుంటూరుకి

గుంటూరుకి ఈ సిస్టర్లు ఎక్కడినుంచి వచ్చారు? ఊళ్ళో అందరూ "జేఎంజే సిస్టర్లు" అంటారు. జేసు, మరియ, జోసెఫ్ సభ. 1822లో హాలండ్‌లోని ఆమర్స్‌ఫోర్ట్ పట్టణంలో మథియాస్ వోల్ఫ్ అనే జెస్విట్ గురువు దీన్ని ప్రారంభించాడు. అక్కడి సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. గుంటూరు జిల్లా ఏర్పడిందీ అదే 1904లో. అంటే మన జిల్లాదీ వాళ్ళ రాకదీ ఒకే వయసు. సెయింట్ జోసెఫ్ ఆస్పత్రి వేర్లు ఆ రోజుల్లోనివే. తెనాలిలో జేఎంజే మహిళా కళాశాల కూడా వాళ్ళదే.

ఆడవాళ్ళ కోసం ఆస్పత్రి అనే ఆలోచన గుంటూరులో వాళ్ళతోనే మొదలవలేదు. అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లోనే ఇక్కడికి వచ్చింది. 1898లో ఆమె ఆస్పత్రి తెరిచింది. "కుగ్లర్ ఆస్పత్రి" అంటే మన పెద్దవాళ్ళకి ఇప్పటికీ తెలుసు. మగ డాక్టరుకి చూపించుకోవడం కన్నా చావే నయమనుకునే రోజుల్లో ఆడ డాక్టరు అంటే ఎంత పెద్ద విషయమో మా ముత్తవ్వ పోగొట్టుకున్న ఇద్దరు పిల్లల లెక్క చెబుతుంది.

క్యాథలిక్ సిస్టర్లకి మాత్రం ఒక చిక్కుండేది. సభలో చేరినవాళ్ళు వైద్యం, ముఖ్యంగా పురుళ్ళు పోయడం, చేయకూడదని చర్చి నియమం. స్కాట్లండ్‌కి చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ ముసలితనంలో కూడా దీని మీద రోమ్‌తో పోరాడింది. ఆమె 1913లో పోయింది. నియమం మారింది 1936లో. ఈ మధ్యలో ఆమె జీవితం గురించిన చిన్న పుస్తకం ఒకటి 1915లో మెల్‌బోర్న్‌లో ఒక యువ కంటి డాక్టరు చేతిలో పడింది. ఆ డాక్టరు పేరు మేరీ గ్లౌరీ.

మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పుట్టింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1910లో పట్టా తీసుకుంది. 1916లో అక్కడి క్యాథలిక్ మహిళల సంఘానికి మొదటి అధ్యక్షురాలు. 1919లో ఎం.డి. పూర్తి చేసి, నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరింది. జేఎంజే సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయింది. వైద్యం చేసుకోవడానికి పోప్ పదిహేనవ బెనెడిక్ట్ నుంచి ప్రత్యేక అనుమతి వచ్చింది. చిన్న డిస్పెన్సరీ ఆస్పత్రిగా ఎదిగింది. స్థానిక ఆడపిల్లలకి నర్సు పని, మందులు కలిపే పని నేర్పింది. మన నాటువైద్యం మందుల్నీ శ్రద్ధగా తెలుసుకుంది. 1943లో ఆమె చొరవతో మొదలైన క్యాథలిక్ ఆస్పత్రుల సంఘం ఇవాళ దేశమంతటా ఉంది. 1957 మే 4న బెంగళూరులో కాన్సర్‌తో కన్నుమూసింది.

"నీకు పురుడు పోసింది ఆవిడేనా నాయనమ్మా?" అని అడిగాను. "తెల్ల డాక్టరమ్మ అనేది అమ్మ. పేరు ఎవరికి తెలుసురా" అంది. కాబట్టి ఆవిడే అని నేను రాయను. బిళ్ళ అంత మాట చెప్పదు.

మఠాలు ఏమి దాస్తాయి, ఎందుకు దాస్తాయి

సిస్టర్ల సంఘాల దగ్గర మిగిలే పాత వస్తువుల్ని మూడు రకాలుగా చూడొచ్చు. ఒకటి పూజకి సంబంధించినవి: స్వరూపాలు, బలిపీఠం గుడ్డలు, గురువులు పూజలో వేసుకునే కుట్టుపని వస్త్రాలు, వెండి పాత్రలు. రెండు, పనికి సంబంధించినవి: మందుల సీసాలు, సూది మందు సామాను, బడి గంట, కుట్టుమిషను. మూడు, కాగితాలు: ఉత్తరాలు, రిజిస్టర్లు, మఠం దినచర్య రాసుకున్న పుస్తకాలు. మొదటిది కళ అని అందరూ ఒప్పుకుంటారు. రెండోది పాత సామాను అనుకుంటారు. మూడోదాన్ని చెదలకి వదిలేస్తారు. చరిత్ర మాత్రం రెండూ మూడిట్లోనే ఎక్కువ ఉంటుంది.

కొన్నింటిని కళ అనాలా చేతిపని అనాలా అని మనమే తికమకపడతాం. హాలండ్ మఠాల్లో "క్లోస్టర్‌వెర్క్" అని ఒక పని ఉంది. మఠంపని అని అర్థం. రంగు కాగితం, మైనం, గాజుపూసలు, జరీతీగలతో సిస్టర్లు నెలల తరబడి కూర్చుని పూలు, తీగలు చేసి, మధ్యలో పునీతుల గుర్తు ఒకటి పెట్టి అద్దాల పెట్టెలో బిగించేవారు. కింద పేరు ఉండదు. చేసినవాళ్ళకి పేరు అక్కర్లేదు. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు పూసలతో అల్లిన తోరణాలు, గోడకి తగిలించిన కుట్టు బొమ్మలు గుర్తొచ్చాయి నాకు. వాటి కిందా పేర్లుండవు.

1960ల తర్వాత హాలండ్‌లో సిస్టర్లుగా చేరేవాళ్ళు తగ్గిపోయారు. ఉన్నవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. మఠాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. స్వరూపాలు, పూజ వస్త్రాలు పాతసామాన్ల సంతల్లోకి వెళ్ళాయి. అప్పుడు వాళ్ళు మేలుకుని రెండు పనులు చేశారు. సింట్ ఆగత అనే ఊళ్ళోని పాత మఠంలో 2006లో ఒక వారసత్వ కేంద్రం తెరిచారు. వందకి పైగా సంఘాల కాగితాలు, వస్తువులు ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నాయి. ఇక ఉట్రెక్ట్‌లోని కాథరైనె కాన్వెంట్ మ్యూజియం, మూతపడే మఠంలో ఏది ఉంచాలి, ఏది ఇంకో చర్చికి ఇవ్వాలి, ఏది వదిలేయాలి అని తేల్చుకోవడానికి సలహాలిస్తోంది. అన్నీ దాచడం కుదరదు. అందుకని వాళ్ళు చూసే ముఖ్యమైన సంగతి ఒకటుంది: ఈ వస్తువు వెనక కథ తెలుసా? అందంగా ఉన్నా కథ తెలియని స్వరూపం కన్నా, విరిగినా ఎవరిదో ఎందుకో తెలిసిన జపమాలకి విలువెక్కువ.

మేరీ గ్లౌరీ విషయంలో ఇంకో కారణం కలిసింది. 2013లో ఆమెను "దైవసేవకురాలు" అని ప్రకటించారు. పునీత హోదా వైపు అది మొదటి మెట్టు. అలాంటి విచారణలో ఆ వ్యక్తి రాసిన ప్రతి కాగితాన్నీ వెతికి సేకరించాలనేది నియమం. మెల్‌బోర్న్‌లో క్యాథలిక్ మహిళల సంఘం ఆమె పేరుతో మ్యూజియం నడుపుతోంది. గుంటూరు ఎండల్లో కూర్చుని ఇంటికి రాసిన ఉత్తరాలు ఆమె జీవితానికి ముఖ్యమైన ఆధారాలయ్యాయి. చూడండి, అటువైపు వెళ్ళిన కాగితం ఆధారమైంది. ఇటువైపు మా ముత్తవ్వకి దక్కిన బిళ్ళని నేను బూడిదతో తోమాను.

మన ఎండకి ఏది ఎలా పాడవుతుంది

ఇక్కడ మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి కాస్త లెక్కలోకి వద్దాం.

లోహం సంగతి: నా బిళ్ళ ఇత్తడి. పైన వెండి పూత. ఆ పూత మైక్రాన్ల లెక్కలో ఉంటుంది, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒకటో రెండో. బూడిద రంగు అనుకున్నది గాలిలోని గంధకంతో నల్లబడిన వెండి. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీది మకిలిని కరిగిస్తుంది కాబట్టే మనవాళ్ళు దాంతో ఇత్తడి తోముతారు. వెండిని అది పెద్దగా ఏం చేయదు. కానీ బూడిద, పీచు గరుకు కాగితంలా పనిచేసి పూతని గీకేశాయి. పసుపుపచ్చగా మెరిసింది శుభ్రత కాదు, లోపలి ఇత్తడి బయటపడింది. అక్షరాల అంచులూ అరిగాయి. అందుకే మ్యూజియం వాళ్ళు చెప్పే మొదటి మాట: మెరిపించకండి.

ఇక పసుపు. పసుపుకి రంగిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకి త్వరగా వెలిసిపోతుంది. అన్నేళ్ళు నిలవడానికి కారణం చీకటి పెట్టె, గుడ్డ మూట. నాయనమ్మ తెలియకుండానే మ్యూజియం పద్ధతి పాటించింది. మ్యూజియం గురించి గూగుల్‌లో చదివే మనవడే పాడుచేశాడు.

కాగితం సంగతి: 19వ శతాబ్దం మధ్యనుంచి చెక్క గుజ్జుతో, పటికతో చేసిన కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది కాగితాన్ని లోపలినుంచే పొడి చేస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందని ఫస్టియర్ కెమిస్ట్రీలో బట్టీ పట్టాం కదా, మే నెలలో మన రేకు పెట్టెలో జరిగేది అదే. మాచికాయ, అన్నభేదితో చేసిన పాతకాలం సిరా అయితే అక్షరం ఉన్నచోట కాగితాన్నే తినేస్తుంది. వానాకాలం రాగానే బూజు, చెదలు, వెండిచేపలు తమ వంతు అందుకుంటాయి.

గుడ్డ సంగతి: పాత పూజ వస్త్రాల్లో పట్టుది ఒక వింత. 19వ శతాబ్దం చివర యూరప్‌లో పట్టు బరువుగా, గలగలలాడేలా ఉండాలని తగరం లవణాలు ఎక్కించేవారు. ఆ లవణాలే తర్వాత దారాన్ని పెళుసు చేసి, మడత ఉన్నచోటల్లా చీలికలు పేలికలు చేస్తాయి. అదే పెట్టెలో ఉన్న మామూలు నూలు గుడ్డ మాత్రం గట్టిగా ఉంటుంది. మన పత్తి గొప్పతనం అనుకోండి.

స్వరూపాల సంగతి: యూరప్ నుంచి వచ్చినవి చాలావరకు ప్లాస్టర్‌తో చేసి రంగులేసినవి. ప్లాస్టర్ తేమ పీలుస్తుంది, ఎండకి వదులుతుంది. రంగుపొర దానితో సాగలేక పెచ్చులూడుతుంది. పైన మళ్ళీ ఆయిల్ పెయింట్ కొడితే తేమ లోపలే చిక్కుకుంటుంది. పండగకి ముందు భక్తితో కొట్టిన కొత్త పెయింట్ కింద ఎన్ని పాత ముఖాలు పోయాయో.

మ్యూజియాలు గాలిలో తేమని 45 నుంచి 55 శాతం మధ్య ఉంచాలని చూస్తాయి. ఆ అంకె కన్నా ముఖ్యం, అది ఒక్కసారిగా ఎక్కడం దిగడం ఉండకూడదు. గుంటూరులో మిర్చి కోసం వంద దాకా కోల్డ్ స్టోరేజీలు కట్టుకున్నాం. ఎందుకు? రంగు దిగితే క్వింటాకి రేటు దిగుతుంది. ఎరుపు పోకుండా టిక్కీల్ని చల్లగా, చీకట్లో పెట్టాలని ఇక్కడ చదువు రాని రైతుకి కూడా తెలుసు. అదే రైతు ఇంట్లో, అంటే మా ఇంట్లో, తాతయ్య ఉత్తరాలు మాత్రం అటక మీద రేకు కింద ఉడుకుతున్నాయి. తెలివి లేక కాదు. వాటికి రేటు కట్టలేదు కాబట్టి.

మీ ఇంట్లో మీరు చేయగలిగింది

దీనికి ఏసీ గది అక్కర్లేదు. నేను ఇప్పుడు పాటిస్తున్నవి ఇవి.

దొరికిన వెంటనే తోమకండి, కడగకండి. ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి, రెండువైపులా. మురికి అనుకున్నదాన్ని అడిగి తెలుసుకున్నాకే ముట్టుకోండి.

కాగితాలకి సెల్లో టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. రెండూ తిరిగి తీయలేనివి. మడతలు మెల్లగా విప్పి, పరుచుకునేలా పెట్టండి. కాగితం ముట్టుకోవడానికి గ్లవుజులు కూడా అక్కర్లేదు, కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. లోహానికి మాత్రం చేతి చెమట పడదు, అంచులు పట్టుకోండి.

చుట్టడానికి కోరా గుడ్డ మేలు. రెండుసార్లు ఉతికి, గంజి పెట్టకుండా వాడాలి. గంజి అంటే పురుగుకి విందు. నాఫ్తలీన్ ఉండలు వస్తువుకి తగిలేలా వేయొద్దు. పెట్టె నేలకీ గోడకీ ఆనకుండా ఇటుకల మీద పెట్టండి. అటక వద్దు, వంటగది వద్దు. వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి తెరిచి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, కథ రాసుకోండి. ఎవరిది, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఎవరు చెప్పగా రాస్తున్నారు. చెప్పినవాళ్ళ మాటల్లోనే రాయండి. ఫోన్లో రికార్డు చేస్తే ఇంకా మంచిది. వస్తువు వందేళ్ళు ఉండొచ్చు. చెప్పేవాళ్ళు ఉండరు.

మళ్ళీ పసుపు

బిళ్ళకి వెండి పూత మళ్ళీ వేయిస్తానని నాయనమ్మతో అన్నాను. గుంటూరులో ఎవరైనా చేసిపెడతారు, వందో రెండొందలో అవుతుంది. "వద్దులే, ఉన్నదాన్ని ఉండనీ" అంది. చదివినదాని ప్రకారం కూడా అదే సరైన జవాబు. ఇంకో పూత వేస్తే నా తప్పు కూడా కప్పబడిపోతుంది. అది కూడా ఇప్పుడు ఆ బిళ్ళ చరిత్రే.

పిన్నీసు నేలమీద పడేసిన చోట వెతికాను. దాని మొనకి కొంచెం, గచ్చు మీద కొంచెం, ఎండిన పసుపు రేణువులు దొరికాయి. ఆవగింజలో సగం కూడా ఉండవు. తెల్లకాగితంలో మడిచి, పైన పెన్సిలుతో రాసి, బిళ్ళతో పాటు పెట్టాను. నాయనమ్మ ఆ పొట్లం రెండుసార్లు విప్పించి చూసింది.

తర్వాత శుక్రవారం నేను కాలేజీకి బయల్దేరుతుంటే ఆవిడ ఒక గిన్నెలో పసుపు కలుపుకుని మంచం మీద కూర్చుంది. బిళ్ళకి కొత్త పసుపుతాడు గుచ్చి, వేలితో ముందూ వెనకా రాసింది. నాకు గుండె ఝల్లుమంది. మ్యూజియం వాళ్ళయితే ఒప్పుకోరు. పాత వస్తువుకి కొత్తది ఏదీ పూయకూడదు. నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. అది మ్యూజియంలో ఉన్న బిళ్ళ కాదు, ఆవిడ మొలకి కట్టిన బిళ్ళ.

నా నోటు పుస్తకంలో మాత్రం ఒక లైను రాసుకున్నాను: పసుపు, రెండోసారి, నాయనమ్మ చేత్తో. పక్కన తేదీ వేశాను. ఇంకో డెబ్భై ఏళ్ళకి మా ఇంట్లో ఎవడో ఒకడు చింతపండు నానబెట్టే ముందు అది చదువుతాడని ఆశ.